బెల్లంముక్క

డాక్టరమ్మ రమ్యశ్రీ స్కూటర్ బద్వేలు రోడ్డు దిగి పల్లెలోకి వచ్చిందంటే చెన్నమ్మకు గుండె దడే. పొడపత్రి ఆకు కషాయం షుగరును తగ్గిస్తుందా లేదా అని ఊళ్లో షుగరున్నవాళ్లకు ఆమె పెట్టిన పరీక్షలో అందరికంటే బాగా తగ్గింది చెన్నమ్మకే. డాక్టరమ్మ ఆమెను ఊరంతటికీ చూపించి మెచ్చుకుంది. నిజానికి ఆ వాసనకే కడుపు తిప్పి, చెన్నమ్మ ఒక్క గుటకైనా తాగలేదు. కషాయం పెరట్లో పారబోసి, డాక్టరమ్మ తనకు రాయని ఆస్పత్రి మాత్రలు చాటుగా మింగుతోంది.

"అందరూ ఇప్పుడే కషాయం తాగొచ్చినారు కదా?" అని ఆ రోజు డాక్టరమ్మ, పరీక్షలో ఉన్నవాళ్లకు తలా ఒక బెల్లంముక్క పెట్టింది. "ఎట్లుండాది?"

"తేనె మాదిరుండాది తల్లీ!" అందరికంటే ముందు చెన్నమ్మే అంది.

మరిది ఓబుళేశు పగలబడి నవ్వాడు. "నీ నాలిక్కేమైంది వదినా? నాకు మన్ను తిన్నట్లుండాది!"

మిగతావాళ్లూ అవునన్నారు. డాక్టరమ్మ చెన్నమ్మ వైపు చూసింది. "ఆ ఆకు తాగితే కాసేపు తీపి తెలీదమ్మా" అంది మెల్లగా.

ఓబుళేశు నవ్వు ఆగిపోయింది. కట్టు కట్టిన, మానని తన కాలిపుండు వైపు చూసుకున్నాడు.

"నీకు తగ్గిందనే కదా వదినా, ఎవురికీ చెప్పకుండా నా షుగరు మాత్రలు మానేసినా."

చెన్నమ్మ నోట్లో బెల్లం ఇంకా తియ్యగానే కరుగుతోంది. మింగలేక, ఉమ్మలేక ఆమె తల దించుకుంది.