వంతెన దాటిన కాన్పులు

ఫిబ్రవరి తొమ్మిది, గురువారం. ఆ ఉదయం నేను తిన్నది పాప వదిలేసిన సగం గుడ్డు, ఎవరూ ముట్టని మాడిన రొట్టె ముక్క. అది నములుతూనే పాపకి జడ వేశాను, అత్తయ్యకి మందు అందించాను, మావారి చొక్కాకి గుండీ కుట్టాను. ఆఫీసుకి వెళ్ళేసరికి మా వార్డు ఆరోగ్య కేంద్రాన్ని మూసేయాలన్న ఫైలు నా బల్ల మీద ఉంది.

నగర ఆరోగ్య శాఖలో జనన మరణాల పట్టికలు తయారుచేయడం నా పని. ఆ ఫైలులో అంకెలు తప్పు కావు. ఏడాది మొత్తానికి మా వార్డులో ఆరు కాన్పులు, అందులో ఇద్దరు బిడ్డలు దక్కలేదు. ఆరు కాన్పులకి ఒక కేంద్రం ఎందుకు, ఉండి మాత్రం ఏం కాపాడింది అని ఎవరో పక్కన రాశారు. ఆసుపత్రి ఎక్కడుంటే పుట్టుక ఆ వార్డు లెక్కలోకి పోతుంది. మా వార్డులో ఆసుపత్రి లేదు. నెలనెలా మా కేంద్రంలో నర్సుకి చూపించుకుని, నొప్పులు రాగానే అందరం వంతెన అవతలికి పరుగెడతాం. ఆ లెక్కన మా పాప కూడా అవతలి వార్డు మనిషే. ఇక్కడ మిగిలిన ఆరుగురూ వంతెన దాటలేకపోయినవాళ్ళు. మెట్ల మీద కొందరు, టాక్సీలో కొందరు, ఒకామెకి మా నర్సు చేతుల్లోనే.

మా ఆఫీసరు మంచాయన. తల్లుల చిరునామాల ప్రకారం తిరగ లెక్కగట్టి సోమవారం మీటింగుకి తెస్తే మాట్లాడతానన్నారు, అంకె లేకుండా నోరెత్తలేనన్నారు. కంప్యూటరు వల్ల అయ్యే పని కాదది. జనం చిరునామా అడిగితే బేకరీ పైన అంటారు, నీళ్ళ ట్యాంకు వెనక అంటారు. ఆ వీధుల్లో కాపురమున్న మనిషే కూర్చుని ఒక్కొక్కటీ చదవాలి. కాన్పుల నమోదు కాగితాల కట్టలు ఇంటికి తెచ్చాను.

"ఆఫీసు పని ఇంటికి తేవడమేమిటి? జీతం ఆఫీసులో చేసినదానికిస్తారు, ఇంట్లో చేసేదానికి కాదు" అన్నారు మావారు. పెళ్ళయ్యాక ఆయన నోట అంత నిజమైన మాట నేను వినలేదు. నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆయన అడగలేదు.

నా ఉద్యోగం మీద అత్తయ్య అభిప్రాయం నాకు కంఠతా వచ్చు. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ లెక్కపెట్టడానికి ఇంత చదువెందుకు, కాటికాపరి చాలడూ అంటారు. ఆవిడే శనివారం కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"బేకరీ పైన అంటే ఏది? పాతదా, కొత్తదా?"

"అదే తెలీడం లేదత్తయ్యా."

"ఏ నెల కాన్పు?"

"జూన్."

"అయితే కొత్తదే. పాతదాని పైన కప్పు కారుతోందని ఎండాకాలంలోనే ఖాళీ చేశారు. ఆ పిల్లకి కవలలు కదూ?"

కవలలే. ముప్పై ఏళ్ళు వంటింటి కిటికీలోంచి ఆ వీధిని చూస్తూ గిన్నెలు తోమిన మనిషి. ఏ ఇంట్లో ఎప్పుడు పసిబిడ్డ ఏడుపు వినిపించిందో ఆవిడకి గుర్తు. సాయంత్రం మావారు వచ్చి భోజనం సంగతి అడిగితే, "పొయ్యి నిన్న ఉన్నచోటే ఉందిరా" అన్నారు కాగితం మీంచి తలెత్తకుండా. ఆ పూట ఆయన వండిన కూరలో ఉప్పు లేదు. ముగ్గురం మెచ్చుకుని తిన్నాం.

సోమవారం మీటింగులో ఆఫీసరు కాగితం కోసం చెయ్యి చాచారు. ఎప్పుడూ నేను లెక్క కడతాను, ఆయన చదువుతారు. "ఇది నేనే చెప్తానండీ" అన్నాను. కాగితం నా చేతిలోనే ఉంచుకుని లేచి నిలబడ్డాను. మా వార్డు తల్లులకి ఏడాదిలో నాలుగు వందల పన్నెండు కాన్పులు. మరణాలనూ అలాగే సర్దితే, బిడ్డలు దక్కడంలో నగరం మొత్తం మీద మా వార్డు రెండోది. కేంద్రాన్ని ఉంచుతున్నట్టు అక్కడికక్కడే రాశారు.

తిరిగొస్తూ కేంద్రం దగ్గర ఆగాను. నర్సు అప్పటికే సీసాలు పెట్టెల్లో సర్దేసి, బిడ్డల్ని తూచే త్రాసు తుడుస్తోంది. సంగతి చెప్పాను. స్టూలు మీద కూలబడింది. తుడుస్తున్న గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"దక్కని ఆ ఇద్దరూ? లెక్క బాగుండాలని వాళ్ళని తీసెయ్యలేదు కదా?"

"లేదక్కా. వాళ్ళూ ఉన్నారు."

తల ఊపింది. లైటు ఆర్పి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసింది.