ఎక్సలేటరు కింది బోల్టు

దేవసహాయానికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరేం అడిగినా కాదనలేడు. తెనాలి చెంచుపేట చివర ముప్పై ఏళ్ళుగా కార్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్‌కి ఉండకూడని జబ్బు అది. ఇలాంటి మనిషిని జనం మంచివాడంటారు గానీ, నన్నడిగితే మంచితనానికీ దీనికీ చాలా దూరం. కాదనడానికి నోరు రానివాడు ఇద్దరికి రెండు మాటలిస్తాడు, రెండూ నిలబెట్టాలని చూస్తాడు. దేవసహాయం చేసిందీ అదే.

మొదటి మాట కృష్ణచైతన్యకి ఇచ్చాడు. బాపట్లలో బట్టల కొట్టు వాళ్ళది. తండ్రి లేడు, కొట్టు తల్లి మాధవీలత చూసుకుంటుంది. చైతన్యకి ఇరవై ఆరేళ్ళు. గజాల లెక్కలంటే వాడికి ఆవులింతలొస్తాయి, ఇంజను చప్పుడు వింటే మాత్రం అన్నం కూడా గుర్తుండదు. ఒకరోజు మినీ లారీలో పాత జెన్ కారు ఒకటి వేసుకొచ్చి షెడ్డు ముందు దింపించాడు. దాని నేల రేకుల్లోంచి కిందున్న మట్టి కనపడుతోంది.

"బాబాయ్, దీన్ని బాగుచెయ్యక్కర్లేదు. మార్చాలి," అన్నాడు. "చూస్తే ముసల్దే అనుకోవాలి. తొక్కితే మాత్రం పెద్ద పెద్ద బళ్ళన్నీ పక్కకి తప్పుకోవాలి."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు దేవసహాయం. అని, సరేనన్నాడు.

అన్నాడే గానీ, పని మొదలయ్యాక ఆ పిచ్చి ఆయనకే పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసిందంతా చెడిపోయినవాటిని మళ్ళీ మామూలుగా చెయ్యడమే. మామూలుని మించింది చెయ్యమని అడిగినవాడు ఇంతవరకూ లేడు. తుప్పు పట్టిన రేకులన్నీ కోసి కొత్తవి అతికాడు. గుంటూరు తుక్కు బజారులో మూడు రోజులు తిరిగి పెద్ద కారు ఇంజను ఒకటి పట్టుకొచ్చాడు. అది ఆ చిన్న బానెట్ కింద ఇమడక మూడుసార్లు దింపి, మూడుసార్లు ఎక్కించాడు. ఇంకా బలం రావాలని దానికి ఒక డీజిలు బండి టర్బో తగిలించాడు. ఇంత పరిగెత్తేదానికి ఆగడం కూడా రావాలని ముందు చక్రాలకి పెద్ద బ్రేకులు వేశాడు. ఆదివారం చర్చి అవగానే, తెల్లచొక్కా మార్చుకోకుండానే షెడ్డుకి వచ్చేసేవాడు. భార్య మంగాయమ్మ అన్నం క్యారేజీలో పంపి, ఆ చొక్కాల మీది గ్రీజు మరకలు చూసి దండం పెట్టేసింది.

పది నెలలు పట్టింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరూ రేపల్లె రోడ్డు మీదికి ట్రయల్‌కి తీసుకెళ్ళారు. ముందు దేవసహాయం నడిపాడు. రెండో గేరులో తొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆయనకి కళ్ళ నీళ్ళొచ్చాయి, దుమ్ము పడిందని తుడుచుకున్నాడు. తర్వాత స్టీరింగు చైతన్యకి ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పాడు.

"ముందున్న బండిని దాటాలంటే సగం తొక్కి ఆలోచించకు. సగం తొక్కినవాడే చస్తాడు. మూడో గేరు వెయ్యి, మొత్తం తొక్కు, మూడు లెక్కపెట్టు. నాలుగనేలోగా అవతలుంటావు."

చైతన్య ఒక సిమెంటు లారీని అలాగే దాటాడు. మళ్ళీ ఒక బస్సుని దాటాడు. నిజంగానే నాలుగు అననక్కర్లేకపోయింది. ఆనందం పట్టలేక స్పీడుమీటరు ముల్లు నూట నలభై దగ్గర వణుకుతుంటే ఫోనులో వీడియో తీయించుకున్నాడు. ఇంటికెళ్ళి దాన్ని తల్లికి చూపించాడు. ఈ కథలో వాడి తప్పంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం మాధవీలత రైలెక్కి ఒక్కతే తెనాలి వచ్చింది. సీట్లు కుట్టించడానికని కారు ఇంకా షెడ్డులోనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అన్నయ్యగారూ, ఇంత చిన్నదానికి అంత పరుగెందుకండీ?"

"బ్రేకులు మంచివి వేశానమ్మా. కుర్రాడు కూడా బాగా నడుపుతాడు."

"వాళ్ళ నాన్న కూడా బాగానే నడిపేవారండి," అంది. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చీరాల నుంచి సరుకు తెస్తూ స్టీరింగు మీదే పోయారు. మానెయ్యమంటే వీడు మానడు. అమ్మెయ్యమంటే ఇల్లొదిలి పోతాడు. వాడికి తెలీకుండా మీరే ఏదో ఒకటి చేసి స్పీడు తగ్గించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

కుదరదమ్మా అనాలి. ఏదైనా చేస్తే నడిపేవాడికి చెప్పే చెయ్యాలి అనాలి. ఆ రెండు మాటలూ దేవసహాయం గొంతుదాకా వచ్చాయి. నోరు మాత్రం, "అలాగేనమ్మా, మీరు ఏడవకండి," అంది.

ఇక చేసింది కొత్త పనేమీ కాదు. స్కూలు వ్యానుల ఓనర్లు, అద్దె కార్ల ఓనర్లు ఏళ్ళ తరబడి చేయించుకునేదే. ఎక్సలేటరు కింద నేల రేకుకి ఒక నట్టు వెల్డింగ్ చేసి, అందులో పొడుగు బోల్టు బిగిస్తే, పెడలు సగం దూరం దిగి దానికి తగిలి ఆగిపోతుంది. బండి అరవై దాటదు. పైన మ్యాటు వేస్తే కనపడదు. డ్రైవరుకి చెప్పరు. వాడు గంటలో కనిపెట్టి, ఓనరుని నాలుగు తిట్లు తిట్టుకుని అలవాటు పడిపోతాడు. దేవసహాయం అలాంటి బోల్టులు వందైనా బిగించి ఉంటాడు. ఒక్కటి మాత్రం ఆయనకి తట్టలేదు. ఆ వ్యాను డ్రైవర్లెవరికీ బండి అసలు బలం ఎంతో ముందు చూపించలేదు. ఈ కుర్రాడికి పక్కన కూర్చుని తనే చూపించాడు, తనే నేర్పాడు.

కారు తీసుకోవడానికి చైతన్య వచ్చినప్పుడు దేవసహాయం వాడి మొహం చూడకుండా చెప్పాడు.

"క్లచ్ ప్లేటు కొత్తదిరా. అది కూర్చోవాలి. వారం రోజులు గట్టిగా తొక్కకు, మెల్లగా తిప్పు."

"మీరు చెప్పాక తొక్కుతానా బాబాయ్," అన్నాడు వాడు. వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు.

వారంలోగా బాపట్ల వెళ్ళి నెమ్మదిగా చెప్పేద్దామనుకున్నాడు దేవసహాయం. సోమవారం వెళ్దామనుకున్నాడు. మంగళవారం ఒక గేర్‌బాక్సు పని వచ్చిపడింది. బుధవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది.

చైతన్య తన స్నేహితుడు వినయ్ కుమార్‌ని కారులో తిప్పుదామని రేపల్లె వెళ్ళాడు. ఇద్దరూ పాలిటెక్నిక్‌లో కలిసి చదువుకున్నారు. వినయ్ కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు పని చేస్తాడు, స్తంభాలెక్కే పని. ఇద్దరూ పెనుమూడి వారధి చూసొద్దామని బయల్దేరారు. దారిలో వరిగడ్డి ట్రాక్టరు ఒకటి అడ్డం. ఎదురుగా దూరంగా బస్సు. చైతన్య కారుని కుడివైపుకి తీశాడు. బస్సు మీదికొచ్చేసరికి మళ్ళీ ఎడమకి తిప్పాడు. అప్పటికి ట్రాక్టరు ఇంకా పక్కనే ఉంది. కారు ఎడమ భాగం ట్రాక్టరు వెనకున్న గడ్డి ట్రక్కు కిందికి దూసుకుపోయింది. చైతన్యకి భుజం ఎముక విరిగింది. వినయ్‌కి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

దేవసహాయం యాపిల్స్ కొనుక్కుని గుంటూరు ఆసుపత్రి గేటుదాకా వెళ్ళి వెనక్కొచ్చేశాడు. రెండోసారీ అలాగే వచ్చేశాడు. పిరికితనం. దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

నెల దాటాక పోలీసులు వదిలిన కారుని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పడేసి వెళ్ళారు. దేవసహాయం సగం నలిగిన తలుపు పీకి, మ్యాటు ఎత్తి చూశాడు. బోల్టు నిటారుగా అలాగే ఉంది. పెడలు దాని మీద వంకర తిరిగి ఉంది. అంత మందం ఇనుము ఊరికే వంగదు. కుర్రాడు బలం కొద్దీ తొక్కుతూనే ఉన్నాడు, చివరిదాకా. దేవసహాయం ఆ నేల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత బోల్టు విప్పి జేబులో వేసుకుని స్టేషనుకి నడిచాడు.

బాపట్లలో మాధవీలత గేటు దగ్గరే ఎదురైంది. ఆయన మొహం చూడగానే ఎందుకొచ్చాడో ఆవిడకి అర్థమైంది.

"ఏం చెప్పకండి అన్నయ్యగారూ," అంది గొంతు తగ్గించి. "ఇక జన్మలో స్టీరింగు పట్టనన్నాడు. నాకంతే చాలు. ఇలాగే పోనివ్వండి."

దేవసహాయం ఈసారి అలాగేనమ్మా అనలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

చైతన్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది. గడ్డం పెరిగింది. ఆయన్ని చూసి లేవబోయాడు.

"బాబాయ్, బండిని పాడు చేశాను," అన్నాడు. "అంత బాగా చేసిచ్చారు. దానిదేం తప్పులేదు. నేనే భయపడ్డాను."

"ఏంట్రా?"

"మూడో గేరు వేశాను. మొత్తం తొక్కాను. ఒకటి, రెండు, మూడు. అది లాగలేదు. అదెందుకు లాగదు బాబాయ్? ఆ రోజు మనిద్దరం చూశాంగా. అంటే బస్సుని చూసి నేనే పెడలు మీంచి కాలు తీసేసుంటాను. రోజూ గుర్తు చేసుకుంటే ఇప్పుడు తీసేసినట్టే కనపడుతోంది. పోలీసులకీ అదే రాసిచ్చాను. వినయ్‌కీ అదే చెప్పాను. వాళ్ళమ్మ నన్ను గడప తొక్కొద్దంది."

దేవసహాయం జేబులోంచి బోల్టు తీసి వాడి అరచేతిలో పెట్టాడు.

"నువ్వు కాలు తియ్యలేదు. పెడలు వంగిపోయేదాకా తొక్కావు. కింద ఇది ఉంది. నేను బిగించాను. నీకు చెప్పలేదు. క్లచ్ ప్లేటు మాట అబద్ధం."

చైతన్య బోల్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక వాడు అరుస్తాడనీ, కొడతాడనీ దేవసహాయం ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"ఎందుకు?" అని ఒక్కటే అడిగాడు వాడు.

గుమ్మంలో మాధవీలత నిలబడి ఉంది. దేవసహాయం అటు చూడలేదు.

"బిగించిన చెయ్యి నాది. అంతే," అన్నాడు.

"అయితే రండి. ఇదే మాట వినయ్ వాళ్ళమ్మకి మీరే చెప్పండి," అని చైతన్య లేచి ఒంటిచేత్తో చొక్కా తగిలించుకున్నాడు.

రేపల్లె బస్సు కదలబోతుండగా మాధవీలత హ్యాండుబ్యాగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కింది. ఎవరూ ఎందుకని అడగలేదు. చెరుకుపల్లి మీదుగా వెళ్ళినంతసేపూ ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరక్కుండా కిటికీలోంచి పొలాలు చూస్తూనే ఉంది.

వినయ్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్యాంటు ఎడమ కాలు మడిచి పిన్నీసు పెట్టి ఉంది. తల్లి స్టెల్లా అంగన్‌వాడీలో ఆయా. తెనాలి చర్చి కూటాల్లో చూసిన మనిషే కాబట్టి దేవసహాయాన్ని గుర్తుపట్టింది.

"వందనాలన్నయ్యా, కూర్చోండి," అంది. గేటు బయట ఆగిపోయిన చైతన్యని మాత్రం చూడనట్టే ఊరుకుంది.

దేవసహాయం కూర్చోలేదు. మొదటి నుంచి చివరిదాకా నిలబడే చెప్పాడు. ట్రయల్ రోజు నేర్పిన పాఠం, బోల్టు, క్లచ్ ప్లేటు అబద్ధం, వంగిన పెడలు. వినయ్ ఒకసారి గేటువైపు చూసి తలదించుకున్నాడు. నెల రోజులుగా వాణ్ణి ఏమేం తిట్టుకున్నాడో అవన్నీ గుర్తొస్తున్నట్టున్నాయి.

స్టెల్లా అంతా విని అడిగింది.

"అంటే అన్నయ్యా, అది లేకపోతే వీళ్ళు ట్రాక్టరుని దాటేసేవాళ్ళా?"

ఎవరికి తెలుసు చెల్లెమ్మా, అంతా దేవుడి చిత్తం అనొచ్చు. ఆ మాట కోసం ఆవిడ కూడా ఎదురుచూస్తున్నట్టే ఉంది. అంటే అందరికీ కాస్త ఊపిరాడేది.

"దాటేసేవాళ్ళమ్మా," అన్నాడు దేవసహాయం. "నీ కొడుకు కాలు ఉండేది."

ఆవిడ వరండా స్తంభం పట్టుకుంది. "మరెందుకు పెట్టావు? నా బిడ్డ నీకేం చేశాడు?"

దేవసహాయం నోరు తెరిచేలోగా వెనక నుంచి మాధవీలత ముందుకొచ్చింది.

"ఆయన్ని అనకండమ్మా. ఏడ్చి, కాళ్ళు పట్టుకుంటానని బతిమాలి నేనే పెట్టించాను." చేతులు జోడించింది. "నా కొడుకు బతకాలని పెట్టించానండి. ఇంకేం లేదు."

గేటు దగ్గర చైతన్య చటుక్కున తలెత్తి తల్లిని చూశాడు. స్టెల్లా కూడా అప్పుడే మొదటిసారి వాడి వైపు తిరిగింది. రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్న ఆ కుర్రాణ్ణి తల నుంచి పాదాలదాకా చూసింది.

"బతికాడు కదండి," అంది.