ఎల్లారావు ఎడమ కాలు

పొద్దున్నే అంబాసిడర్‌ని కడిగి, తుడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమ కాలు ఆడించుకుంటూ ఉండటం ఎల్లారావుకి అలవాటు. ఆ కాలు ఒకచోట ఉండదు. అన్నం తింటున్నా ఆడుతుంది, నిద్రలోనూ ఆడుతుంది. జాలారిపేటలో పుట్టి, పడవెక్కితే వాంతులు చేసుకునే మగాడు అతనొక్కడే. పదేళ్లు అలాగే నెట్టుకొచ్చి, తొంభై ఏడులో పడవలో తన వాటా అమ్మేసి ఈ పాత కారు కొన్నాడు. పాత మోడలు కాబట్టి ముందు సీటు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే బల్లలా ఉంటుంది, గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది.

అతను కారు తుడుచుకునే వేళకి భార్య దేవి చేపల బుట్టతో మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటుంది. మూడు బస్సులు కాదంటే నాలుగోది ఎక్కించుకుంటుంది.

"మీకు కారుంది కదే, నీకీ తిప్పలేటి?" అనేది పక్కనే తన చేపల బుట్ట దింపుకున్న చిట్టమ్మ.

"అందులో సార్లు కూకుంటారు పిన్నీ. సేపలు కాదు," అనేది దేవి.

కారుకి జబ్బు మరుసటేడు మొదలైంది. క్లచ్ పెడల్ తొక్కితే నేలకి అతుక్కుపోయి పైకి రాదు. గంట పోయాక ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. గోపాలపట్నంలో ఉండే నరసింహమూర్తిగారు రోజూ ఈ కారులోనే స్టీలు ప్లాంటుకి వెళ్తారు. రాజమండ్రి మనిషి, నెమ్మదస్తుడు. అయినా రెండుసార్లు నడిరోడ్డు మీద దిగి ఆటో ఎక్కాల్సి వచ్చేసరికి ఆయన ఓపిక కూడా అయిపోయింది.

"సోమవారం రెండింటికల్లా నేను గేటు దగ్గరుండాలి ఎల్లారావూ. ఆ రోజూ ఆగిందంటే వేరే బండి చూసుకుంటాను. ఏమీ అనుకోకు," అన్నారు.

ఆ బేరం పోతే కారు అమ్మెయ్యాలి. కారు పోతే మిగిలేది బామ్మర్ది సన్యాసిరాజు బోటే. మళ్లీ పడవ, మళ్లీ వాంతులు.

గోపాలపట్నం షెడ్డులో మెకానిక్ గవర్రాజు ముందు మ్యాట్ ఎత్తి చూశాడు, పెడల్‌కి అడ్డం పడుతోందేమోనని. కాదు. స్ప్రింగు మార్చాడు. ఎల్లారావుని తొక్కమని, తను కారు కింద దూరి, ఆయిలు పైపులో గాలంతా తీసేశాడు. పై సిలిండర్లోనూ కింది సిలిండర్లోనూ రబ్బర్లు మార్చాడు. పని అయ్యాక షెడ్డులో పెడల్ బుద్ధిగా లేచేది. మర్నాడు మళ్లీ మామూలే.

"ఏ టైముకి ఆగతందో సెప్పు బావా, రాసుకుందుం," అన్నాడు చివరికి. సుద్దముక్కతో గోడమీద రాశాడు. గురువారం పది. శుక్రవారం పదీ యాభై. శనివారం పదకొండూ నలభై.

ఆదివారం మధ్యాహ్నం దేవి ఖాళీ బుట్టతో షెడ్డుకి వచ్చింది. అప్పటికే పెడల్ మొగుడి కాలికింద నేలకంటుకుని ఉంది. గవర్రాజు గోడమీది టైములు పైకి చదువుతుంటే నిలబడి వింది.

"అవి నీరు తీసే ఏళలు కదేటి? సముద్రం ఇప్పుడు లోపలికెల్లిపోయి ఉంటాది," అంది.

గవర్రాజు తల ఊపాడు. బ్యాటరీ దిగిందని చెప్పినా అలాగే ఊపేవాడు. "అయితే ఆ నీరు ఆయిల్లో తీత్తందో, ఇంకెక్కడ తీత్తందో సూడాల. దిగు బావా," అని తనెక్కి తొక్కాడు. పెడల్ లేచింది. దేవిని తొక్కమన్నాడు. టక్కున లేచింది. ఎల్లారావు తొక్కాడు. పెడల్ నేలమీదే ఉండిపోయింది.

"అన్నీ మార్సీసేను బావా. మార్సనిది డ్రైవర్నొక్కణ్ణే," అన్నాడు గవర్రాజు చేతులు తుడుచుకుంటూ.

ఎల్లారావుకి ఏడుపొచ్చింది. "సముద్రాన్ని నాను ఒగ్గీసేను గానీ, అది నా కాలిని ఒగ్గలేదే దేవీ," అన్నాడు.

దేవి ముందు సీటుని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. "రేపు ఒకటీ ఇరవైకి తీత్తాది. సార్‌ని ఎన్నింటికి ఎక్కించుకోవాల?"

"ఒంటిగంటకి."

"అయితే నానూ వత్తాను."

సోమవారం నరసింహమూర్తిగారు వెనక సీట్లో కూర్చునేసరికి ముందు దేవి మొగుణ్ణి ఆనుకుని కూర్చుని, కుడికాలు అతని వైపు చాపి, క్లచ్ మీద పెట్టి ఉంది.

"ఏమిటమ్మా ఇది?"

"ఆయన కాల్లో నీరు తీసేత్తందండి. క్లచ్ నాను సూసుకుంటాను."

"అలాగా. రెండింటికి గేటు," అని ఆయన వాచీ చూసుకున్నారు.

"నొక్కు... గేరేత్తన్నాను... ఇంక ఒగ్గు, మెల్లిగా!" అంటున్నాడు ఎల్లారావు. ఎన్‌ఏడీ జంక్షన్లో కారు గుర్రంలా ఎగిరి ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. దేవి పళ్లు బిగించి మళ్లీ నొక్కింది. గాజువాక దాటేసరికి అతను నోరు తెరవకముందే ఆమె కాలు దిగుతోంది, ఇంజను అడిగినంతే లేస్తోంది. ఎల్లారావు ఎడమ కాలు ఓ పక్కకి ముడుచుకుని ఊరికే ఉంది. దాన్ని అలా కదలకుండా అతనెప్పుడూ చూడలేదు.

రెండింటికి ఐదు నిమిషాలుండగా గేటు దగ్గర ఆగారు. ఎల్లారావు స్టీరింగు మీద తల ఆనించి గట్టిగా ఊపిరి వదిలాడు. నరసింహమూర్తిగారు దిగుతూ ముందుకి వంగి, "రేపు కూడా ఇద్దరూ రండి," అన్నారు.

తర్వాత నీరు తీసిన వేళల్లో ఎల్లారావు పక్కకి జరిగి, స్టీరింగు కూడా దేవికే ఇచ్చి నేర్పాడు. మొదట్లో పేటలో నలుగురూ చూస్తారని సిగ్గుపడ్డాడు, తర్వాత ఆ సిగ్గు మర్చిపోయాడు. వానలు మొదలయ్యేసరికి ఆమెకి లైసెన్సొచ్చింది.

ఒక పొద్దున మద్దిలపాలెంలో మూడో బస్సు కూడా చిట్టమ్మ బుట్టని దింపేసి పోయింది. దాని వెనకే ఒక అంబాసిడర్ వచ్చి ఆగింది. స్టీరింగు ముందు దేవి ఉంది. ఎల్లారావు ఎడమ పక్క నుంచి దిగి, డిక్కీలో గోనె పరిచి, దేవి బుట్ట పక్కనే చిట్టమ్మ బుట్ట సర్దాడు. మళ్లీ వచ్చి కూర్చుని, తన కాలికేసి చూసుకున్నాడు.

"నీరు తీత్తంది దేవీ."

"తియ్యనీ," అని దేవి క్లచ్ నొక్కి గేరు వేసింది.