బాంబు మీద పేరు

బస్సు ఇంకా ఊరు దాటలేదు. వెనక సీట్లో ఒక పిల్లవాడు పొద్దున తిన్నదంతా కక్కేశాడు. క్లాసు టీచరు ముక్కు మూసుకుని డ్రైవరు దాకా పరుగెత్తింది. పిల్లలు "ఛీ ఛీ" అంటూ కాళ్లు సీట్ల మీదికి లాక్కున్నారు. మనవరాలికి తోడుగా వచ్చిన నానమ్మ మాత్రం కొంగు దోపుకుని లేచింది. పాత పేపరుతో అంతా ఎత్తి కవర్లో వేసింది. వాడి మూతి తుడిచి, నీళ్లు పుక్కిలించమంది.

"మీకు రోతగా ఉండదా పెద్దమ్మగారూ?" అంది టీచరు దూరం నుంచే.

"పసివాడి కడుపులోంచి వచ్చినదానికి రోతేమిటి టీచరమ్మా. మీరూ నేనూ ఆ వయసులో కక్కినవాళ్లమేగా."

కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి ఆమె. నెత్తురూ, ఉమ్మనీరూ, పసికందుల మలమూత్రాలూ, అన్నీ ఆ చేతుల మీదుగా పోయినవే. పని ముగిశాక చేతులు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంటే చాలు, అన్నం సయించేది.

బడివాళ్లు పిల్లల్ని యుద్ధ విమానాలు చూపించడానికి తీసుకెళ్తుంటే, కొడుక్కీ కోడలికీ సెలవు దొరక్క ఈ రోజు ఆమె రావలసి వచ్చింది. మనవరాలికి ఆమె పేరే పెట్టారు, అమ్మవారి పేరు. దాంతో కోడలికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఒకసారి పిల్ల మీద కోపం పట్టలేక పేరు పెట్టి, "ఎక్కడ చచ్చావే!" అని అరిచింది. "ఇక్కడే ఉన్నానమ్మా" అని పక్క గదిలోంచి అత్తగారు పలికారు. కోడలు నాలిక కరుచుకుంది. ఆ రోజు నుంచి పిల్ల ఇంట్లో 'పిచ్చుక' అయింది. అసలు పేరు బళ్లో హాజరుకి మిగిలింది.

వైమానిక స్థావరం గేటు దగ్గర అందరికీ కాగితం టోపీలు, పళ్లరసం డబ్బాలు పంచారు. ఎండకి కాగిన తారు నేల మీద యుద్ధ విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇంటి మేడ మీంచి ఆకాశంలో చూసినప్పుడు వెండి గీతల్లా కనిపించేవి, దగ్గరికొస్తే ఇళ్లంత ఉన్నాయి. చమురు వాసన. రేకు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. 'మనిషికి దేవుడు ఎంత బుర్ర ఇచ్చాడు!' అనుకుంది నానమ్మ. నిజంగానే ముచ్చటపడింది.

మర్యాదస్తుడైన కుర్ర అధికారి ఒకాయన పిల్లల్ని ఒక్కొక్కర్నే ఎత్తి పైలెట్ సీట్లో కూర్చోబెట్టాడు.

"ఈ మీట నొక్కితే ఏమవుతుంది అంకుల్?"

"ఢాం! కింద ఇంకేమీ మిగలదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

"కింద ఏముంటుంది నాయనా?" అంది నానమ్మ.

"లక్ష్యం ఉంటుందమ్మా."

"లక్ష్యమంటే, ఇళ్లా?"

టీచరు ఆమె మోచెయ్యి గిల్లింది. "పెద్దమ్మగారూ, ప్రశ్నలు పిల్లలు అడగాలి."

తర్వాత షెడ్డులోకి తీసుకెళ్లారు. అక్కడ తోపుడు బండి మీద ఒక బాంబు. మెడకి పుట్టినరోజు కానుకలా ఎర్ర రిబ్బను కట్టారు. పక్కన డబ్బాలో రంగు సుద్దముక్కలు. పేరు రాసినవాళ్లకి దాని పక్కన ఫోటో తీస్తారట. అప్పటికే ఎన్నో బళ్ల పిల్లలు రాసి వెళ్లారు. పేర్ల చుట్టూ పువ్వులు, నవ్వే మొహాలు. ఒక చోట 'ప్రేమతో' అని కూడా ఉంది.

"భయం లేదమ్మా, ఇప్పుడిది ఖాళీదే. మందు తర్వాత నింపుతాం," అన్నాడు అధికారి.

"ఈ పేర్లతోనే వేస్తారా?"

"పేర్లతోనే. మన పిల్లల ఆశీస్సులు కదా."

నానమ్మ ఆ పేర్లని ఒక్కొక్కటే చదివింది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే మణికట్టుకి పేరు చీటీ కట్టేది ఆమే. ఏ తల్లి బిడ్డ ఆ తల్లికే చేరాలని. బాంబు పడే చోట కూడా అలాంటి మణికట్లే ఉంటాయి. చీము తుడిచినప్పుడు రాని డోకు ఇప్పుడు గొంతు దాకా వచ్చింది.

ఆమె తేరుకునేలోపే మనవరాలు పసుపు సుద్దతో గుండ్రంగా, తప్పు లేకుండా పేరు రాసేసింది. ఇద్దరిదీ అయిన ఆ ఒక్క పేరు.

నానమ్మ బండి దగ్గరికి వెళ్లి కొంగుతో తుడిచేసింది.

"నానమ్మా!" పిల్ల గావుకేక పెట్టింది. "అందరివీ ఉన్నాయి, నాదొక్కటే తుడుస్తావా?"

"అది నా పేరు కూడానే తల్లీ. పొద్దున్నే దేవుడి ముందు చెప్పుకునే పేరు. దీని మీద వద్దు."

"పరువు తీస్తున్నారు పెద్దమ్మగారూ," అంది టీచరు పళ్ల బిగువున. "పిల్ల సరదా అది. మీ భక్తి ఇంట్లో పెట్టుకోండి."

అధికారి మాత్రం విసుక్కోలేదు. ఇంకో పసుపు సుద్దముక్క తీసి పిల్ల చేతికిచ్చాడు. పిల్ల కళ్లు తుడుచుకుంది. నానమ్మ వంక చూసింది. కాసేపు ఆలోచించింది. తర్వాత అదే చోట, ఇంకా పెద్ద అక్షరాలతో రాసింది: పిచ్చుక.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు," అని అధికారి పకపకా నవ్వాడు. "ఇక్కడ బ్రహ్మాస్త్రం మీదే పిచ్చుక!" టీచరు నవ్వింది. పిల్లలు అర్థం కాకపోయినా నవ్వారు. ఫోటో తీశారు.

ఈసారి నానమ్మ కొంగు కదల్లేదు. ఏమని తుడవగలదు? తన పేరు కాదుగా. ఆ మాట మనసులో అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది. అన్ని పేర్లున్నాయి ఆ బాంబు మీద. తుడిచింది తన పేరొక్కటే.

తిరుగు ప్రయాణంలో పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. "ఇంకా కోపమా నానమ్మా? నీ పేరు నీకే ఉంచేశాగా."

"కోపం కాదు. పడుకో."

పిల్ల చేతికి సుద్ద అంటుకుని ఉంది. నానమ్మ తడి రుమాలుతో వేళ్ల సందులన్నీ తుడిచింది. దేవుణ్ణి ఏదో అడగబోయి మానేసింది. అడగాల్సింది దేవుణ్ణేనా అని అనుమానం వచ్చింది.

ఇంటి సందు మొదట్లో బస్సు ఆగింది. "దిగండి, దిగండి," అని డ్రైవరు తొందర పెట్టాడు. పిల్ల గాఢనిద్రలో ఉంది. లేపడానికి నానమ్మ నోరు తెరిచింది. రోజూ లేపే పేరు నాలిక చివరి దాకా వచ్చి, పెద్ద పెద్ద పసుపు అక్షరాలై ఆగిపోయింది. తుడిచేసిన అసలు పేరూ రాలేదు.

పిల్ల భుజం పట్టుకుని మెల్లగా కుదిపింది.

"లే అమ్మా," అంది. "లే. ఇల్లొచ్చింది."