రోట్లో పోయిన గింజలు

ఇటు జరుగు రూపా, నా పక్కకొచ్చి కూర్చో. గౌలిపురలో మనకు నాలుగు బర్రెలున్న రోజుల మాట ఇది. పురుగు పట్టని కొత్త బీటీ పత్తి అప్పటికి వచ్చి రెండు మూడేళ్లయింది. మనం పత్తిగింజలు దంచి, నానబెట్టి బర్రెలకు పెట్టేవాళ్లం. పదేళ్లుగా మన దగ్గరే పాలు పోయించుకునే నాగమణమ్మ ఒకరోజు గిన్నె వెనక్కి లాక్కుంది.

"మీ బర్రెలు కొత్త పత్తిగింజ తింటున్నయంట. ఆ పాలు నా మనవడికి వద్దు."

"పాత గింజనే అని బేగంబజార్ల షావుకారు ఒట్టేసి ఇచ్చిండమ్మా."

"ఒట్టు నేనేం చేసుకోను? పరీక్ష చేయించిన కాగితం తే."

వారంలో సగం ఇళ్లు మానేశాయి. ఆ గింజతో పాలు చెడతాయో లేదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కాగితం లేకపోతే బర్రెలు ఉండవని మాత్రం తెలుసు.

మన పాలే తాగే ఫణికుమార్ గారు ఒక ల్యాబులో పనిచేసేవారు, గుంటూరు వైపు మనిషి. దాణా పరీక్ష చేసి కాగితం ఇస్తానన్నారు.

"కానీ అమ్మా, పోల్చి చూడ్డానికి కొత్తది అసలు కలవని గింజ ఒకటుండాలి. పై దేశం నుంచి తెప్పించింది అయిపోయింది. మీ దగ్గర పాతకాలం గింజలుంటే చారెడు ఇవ్వండి, చాలు."

ఉన్నాయి. మా అత్త చేనులోవి. ఆమె పోయాక చిన్న సంచిలో కట్టి దూలానికి వేలాడదీశాను, అప్పటికి ఇరవై ఏళ్ల కిందట.

"గింజలు గట్లనే ఇయ్యి," అన్నాడు మీ తాత పెంటయ్య.

"పొడి చేసే చూస్తరంట. పాపం, ఆయనకెందుకు తిప్పలు?" అని రోలు రెండుసార్లు కడిగి, ఆరాక సంచెడూ దంచి ఇచ్చాను. గల్లీ అంతా దాణా దంచుకునే రోలు అది.

పది రోజులకు ఫణికుమార్ గారు వచ్చారు.

"మీ పాత గింజలోనూ కొత్తది కనబడుతోందమ్మా. ఎక్కడ దంచారు?"

చూపించాను. ఆయన వంగి రోటి గరుకులో వేలు పెట్టి రాశారు. వేలికి గల్లీ దాణాల పొడి అంటింది.

"ఇక దీంతో ఏదీ పోల్చలేను. పది గింజలైనా మిగిల్చారా?"

సంచి తిరగేశాను. కుట్టులో ఇంత దూది ఉంది, గింజ లేదు.

"దావత్‌కు దంచినట్టు దంచితివి గదనే," అన్నాడు మీ తాత. ఎవరూ నవ్వలేదు.

నెల తిరిగేసరికి బర్రెలను కొన్నవాళ్లు తోలుకుపోయారు. ఆ తర్వాత కూడా మీ తాత పొద్దున్నే పాలచెంబు కడిగి బోర్లించేవాడు. నేను వద్దనలేదు.

నువ్వు దీన్ని మరిచిపోకు బిడ్డా, నీ పిల్లలకూ చెప్పు. మా నాయనమ్మ ఒకరికి తిప్పలెందుకని, ఒక్క గింజ కూడా మిగల్చకుండా దంచిందని చెప్పు.