పాకలో ఇసుక

క్రిస్మస్‌కి మా చర్చిలో వేసే పశువుల పాకకి చంపావతి ఏటి ఇసుకే కావాలి. ఆడవాళ్లే తట్టల్తో మోసుకురావాలి. ఇప్పుడు ఏట్లో ఇసుక లేదు, గోతులే. బీటెక్ చదివిన బుర్ర కదా, నేను ఫోన్ కొట్టి ట్రాక్టర్ ఇసుక తెప్పించాను.

మధ్యాహ్నం అమ్మా నేనూ జల్లిస్తుంటే జల్లెట్లో ఓ సిమెంటు పెళ్ల మిగిలింది. దాంట్లో ఆకుపచ్చ గోలీ, పక్కనే నా స్కూలు చొక్కా గుండీ.

నాన్నమ్మ సమాధి సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఆ రెండూ నొక్కింది నేనే. సమాధుల తోట ఏటిగట్టు మీద ఉంది. ఉందనే అనుకున్నాం.

"ఏటే అది?" అంది అమ్మ. చూపించాను.

అప్పుడే చుట్ట వాసన వచ్చింది. నాన్నమ్మ చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పాస్టర్ గారు ఎంత తిట్టినా మానలేదు.

"అమ్మా, నీకూ వస్తన్నాదా వాసన?"

"నోర్ముయ్యే." అమ్మ జల్లెడ కింద పెట్టేసింది.

"ఈ ఇసుక పారబోసేద్దామా?"

"మీ నాన్నమ్మని పారబోస్తావేటే?"

అమ్మ ఇసుకని పాకలో మెల్లగా సర్దింది. పైన గడ్డి పరిచింది. బాలయేసు బొమ్మని మాత్రం పడుకోబెట్టలేదు, కొంగులో చుట్టుకుంది.

"దేవుడి నేలని తవ్వుకుపోతంటే ఈ బాబుకి ఇక్కడ పక్కేస్తామేటి? డప్పు పట్రా. ఈయేడు పాటలు గట్టు మీదే. మీ తాత ఇంకా ఆ తోటలోనే ఉన్నాడు."

మేం వెళ్లేసరికి గట్టు దగ్గరికి ట్రాక్టర్ మళ్లీ వస్తోంది. ఇద్దరం దానికి అడ్డంగా నిలబడ్డాం. చుట్ట వాసన మా వెనకే వచ్చి, మా ఇద్దరి మధ్యా నిలబడింది.