మూడు జతలూ హాయే

సీతారావమ్మ తోడికోడలు చూసిందట. విజయవాడ భవానీపురంలో వాళ్ళ సందులోనే, పచ్చ గేటున్న ఇంట్లోకి నాంచారమ్మ మొగుడు కాశీరావు ప్రతి గురువారం వెళ్తున్నాడట. తలుపు తీసేది ఎవరో ఎర్రటి మనిషట. భుజాల దాకా కత్తిరించిన జుట్టట. లోపలికి మామూలుగా నడిచివెళ్ళినవాడు, బయటికి మాత్రం తూలుకుంటూ వస్తాడట.

"నేనేమీ అనట్లేదు వదినా," అంది సీతారావమ్మ, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి. "అది చూసింది చెప్పింది, నేను విన్నది చెప్పాను. మధ్యలో నాదేం లేదు."

"నీదేం లేకపోతే ఇంత కారం ఎవరు కలిపారమ్మా?" అని నాంచారమ్మ నవ్వేసింది గానీ, ఇంట్లోకొచ్చాక పొయ్యి మీద చేపల పులుసు అడుగంటే దాకా ఒంటి మీద స్పృహ లేదు.

కాశీరావు బంటుమిల్లిలో రొయ్యల మేత డీలరు. ఈ ఏడాది మేత బాగా అమ్మిన డీలర్లని కంపెనీ మనాలీ తీసుకెళ్తోంది. అక్కడ మంచు మీద కర్రలు కట్టుకుని జారడమట. పక్కూరి డీలరు వెంకటప్పయ్య అప్పుడే తోలు కోటు కుట్టించుకున్నాడు. వెంకటప్పయ్య జారిన చోట తను జారకపోతే కాశీరావుకి ముద్ద దిగదు.

"ఆ కాళ్ళేసుకుని మంచులోకా!" అంది నాంచారమ్మ మొదటిరోజే. చిన్నప్పట్నించీ చెరువు బురదలో నడిచిన కాళ్ళవి. వేళ్ళు బాతు వేళ్ళల్లే విచ్చుకున్నాయి. బొటనవేలి పక్క ఎముక ఉల్లిపాయంత పొడుచుకొచ్చింది. పైగా షుగరు. "సరే, ఆ కాళ్ళకి హాయిగా ఉండే బూటు దొరికిననాడు పో. నా కళ్ళముందే వేసుకు నడవాలి."

దొరకదని ఆవిడ ధీమా. కూరలో ఉప్పు దగ్గర్నించి దిండు ఎత్తు దాకా దేనికీ సరేననే మనిషి కాదాయె ఆయన. మచిలీపట్నంలో చెప్పుల కొట్టువాళ్ళు ఆయన్ని చూస్తే షట్టరు దించుతారు.

అలాంటిది, నెల్లాళ్ళుగా ఆయన మొహం వెలిగిపోతోంది. గురువారం వస్తే కంపెనీ మీటింగంటాడు. చాకలి మూటలో కొత్త మేజోళ్ళు కనపడ్డాయి. "ఇవెవరివయ్యా?" అంటే, "మీటింగులో ఏసీ ఎక్కువే," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని అడగకముందే భుజాలు తడుముకున్నాడు.

ఆ గురువారం కారు తీసేసరికి నాంచారమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికే?"

"గుణదల మేరీమాతకి మొక్కుంది."

"అయితే దారిలో దింపేస్తాలే."

"ముందు నీ మీటింగు కానీ. మేరీమాత ఎక్కడికీ పోదుగా."

ఇక తప్పదని కాశీరావు కారు భవానీపురం సందులోకే తిప్పాడు. పచ్చ గేటు ముందు కారాగింది. తలుపు తీసింది నిజంగానే ఎర్రటి మనిషి, నిజంగానే భుజాల దాకా జుట్టు. నాంచారమ్మ ఆవిణ్ణి నెత్తి నుంచి పాదాల దాకా ఒక చూపు చూసింది.

"రండి రండి, అమ్మగారిని తీసుకొచ్చారా! ఏవండీ, కాశీరావుగారొచ్చారు," అని ఆవిడ లోపలికి కేకేసింది. పేరు డయానా అట. కేక విని బయటికొచ్చింది ఆవిడ మొగుడు జాన్సన్. గదినిండా అల్మారాల్లో సున్నంతో పోతపోసిన పాదాలు. వంకరవి, వాచినవి, వేళ్ళు లేనివి. కాళ్ళ జబ్బులున్నవాళ్ళకి కొలతపెట్టి బూట్లు చేస్తాడట. మనాలీ నుంచి వాడిన మంచు బూట్లు తెప్పించి, తేడా కాళ్ళకి సరిచేసి అద్దెకిస్తాడట.

నాంచారమ్మ ఊపిరి పీల్చుకుంది. అయితే అనుమానం పోలేదు, ఆడమనిషి మీంచి బూట్ల మీదకి మారిందంతే.

అవి బూట్లా? ప్లాస్టిక్ బకెట్లకి ఇనప పట్టీలు బిగించినట్టున్నాయి. లోపలి మెత్తటి తొడుగుని వేడిచేసి కాలికి తొడిగితే పాదం ఆకారం తెచ్చుకుంటుందన్నాడు జాన్సన్. మొదటి జత వేసి పట్టీలు బిగించాడు.

"ఎక్కడన్నా నొక్కుతోందాండీ?"

"అబ్బే. హాయిగా ఉంది."

రెండో జత దానికన్నా ఇరుకు. అదీ హాయే. మూడోది చూడగానే తెలుస్తోంది, పిల్లల సైజు.

"ఇది మరీ హాయి," అన్నాడు కాశీరావు.

జాన్సన్ తల గోక్కున్నాడు. "మీలాంటి కస్టమరు నాకింతవరకూ తగల్లేదండీ. ఈ బూట్లేసుకున్నవాళ్ళు ఎవరైనా ముందు నన్ను తిడతారు."

మంచులోకి పోవాలని అబద్ధమాడుతున్నాడు, అంతే, అనుకుంది నాంచారమ్మ. ఉండు నీ పని చెప్తా. డయానా టీ తెచ్చి అందరూ అటు తిరిగినప్పుడు, సంచిలోంచి వక్క ఒకటి తీసి మొదటి జత కుడి బూటులో మడమ కింద పడేసింది.

"ఏదయ్యా, ఆ మొదటిదే మళ్ళీ వేసుకు నడువు. నా కళ్ళముందు అన్నానుగా."

వేసుకున్నాడు. మోకాళ్ళు వంచి, తూలుకుంటూ, గది ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. కేక పెడతాడని నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది నవ్వడానికి.

"వెన్న మీద నడిచినట్టుందే," అన్నాడు కాశీరావు.

కొంగు కిందికి జారింది.

బూటు లాగితే వక్క నేలమీద దొర్లింది. జాన్సన్ మేజోడు ఊడదీశాడు. మడమలో వక్క దిగినంత మేర గుంట, ఎర్రగా. నాంచారమ్మ ఆ గుంటలో వేలుపెట్టి నొక్కింది. కాశీరావు ఇంకా వెన్నపూస మొహంతోనే చూస్తున్నాడు.

పెళ్ళికి ముందు నాంచారమ్మ చేపల పెట్టెలకి ఐసు సర్దేది. ఐసు చెయ్యి కొరుకుతున్నంతసేపూ భయంలేదే పిల్లా, కొరకడం మానేసిందా, చెయ్యి లాగెయ్, అనేది అక్కడి పెద్దామె. నిరుడు ఈయన అరికాల్లో రొయ్యముల్లు విరిగి చీముపడితే తనే పట్టుకుని లాగింది. ఆయన కన్నార్పలేదు. మొగాడంటే అలా ఉండాలని సీతారావమ్మకి పిట్టగోడ మీంచి గొప్పగా చెప్పుకుంది కూడాను.

"ఎప్పట్నించయ్యా?" అంది. ఆ మడమ పట్టుకుని, గొణిగినట్టు.

ఆ మాట వినపడని జాన్సన్‌కి కోపమొచ్చింది.

"వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను గదండీ, ఎక్కడన్నా నొప్పిగా ఉందా, ఎక్కడన్నా నొక్కుతోందా అని! ఒక్కసారన్నా చెప్పలేదేం?"

కాశీరావు మేజోడు తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు.

"తెలిస్తేగా చెప్పడానికి."